స్మార్ట్‌మోడెము: ఒక గుణదోష విచారణ

తరగతిలో ఉపాధ్యాయుడు పాఠము చెప్పుచు వ్రాయించుచున్నాడు. పిల్లలు తలలు వంచుకొని, విన్న ప్రతి మాటను నోటుపుస్తకములలోనికి ఎక్కించుచున్నారు. ఇంతలో గాలికి తలుపు టపటప కొట్టుకొనెను. "తలుపు వేయుము" అని ఉపాధ్యాయుడు అనెను. ముందు వరుసలోని పిల్లవాడు లేచి తలుపు వేసెను. వెనుక వరుసలోనివాడు "తలుపు వేయుము" అని పుస్తకములో వ్రాసికొనెను. తరగతి అంతయు నవ్వినది. కాని ఆలోచించి చూచినచో వెనుక వరుసవాని తప్పు అంత పెద్దది కాదు. పాఠమును, ఆజ్ఞయు ఒకే నోట, ఒకే గొంతుతో వచ్చినవి. ఇది వ్రాయదగిన మాట, ఇది చేయదగిన పని అని తెలుపు గుర్తు ఏదియు వానిలో లేదు.

యంత్రములకును ఈ చిక్కు కలదు. 1981లో అమెరికాలోని అట్లాంటా నగరమున హేస్ అను చిన్న సంస్థవారు స్మార్ట్‌మోడెము అను పరికరమును విడుదల చేసినపుడు వారికి ఎదురైన ముఖ్యమైన ప్రశ్న ఇదియే. దానికి వారు చెప్పిన సమాధానము ఒక సెకను కాలపు నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దము కొరకు తరువాత పదియేండ్లు తయారీదారుల నడుమ తగవులు నడచినవి.

ఈ మోడెమును గురించి వ్రాయువారు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. అది ఇంటి కంప్యూటర్లకు టెలిఫోను మార్గమును తెరచినదని మొదటిది. తరువాత వచ్చిన వేగమైన మోడెములకు తట్టుకొనలేక ఆ సంస్థ నశించినదని రెండవది. రెండును నిజమే. కాని ఈ రెండింటిలోను ఆ నిర్మాణముయొక్క అసలు గుణము కనబడదు, అసలు దోషమును కనబడదు. వానిని విడదీసి చూచుట ఈ విచారణయొక్క ఉద్దేశము.

మోడెము చేయు పని

కంప్యూటరు తన లోపల సర్వమును ఒకట్లు, సున్నలుగా ఉంచుకొనును. ఈ ఒక్కొక్క అంకెకు బిట్ అని పేరు. టెలిఫోను తీగ మనుష్యుని గొంతు కొరకు ఏర్పడినది. సుమారు 300 హెర్ట్జులు మొదలు 3400 హెర్ట్జుల వరకు గల పౌనఃపున్యములను మాత్రమే అది చక్కగా మోసికొనిపోవును. కావున బిట్లను ధ్వనులుగా మార్చి తీగపైకి పంపుటకును, ఆవలి కొసన ఆ ధ్వనులను మరల బిట్లుగా మార్చుకొనుటకును ఒక పరికరము కావలెను. అదియే మోడెము.

1962లో అమెరికాలోని బెల్ టెలిఫోను వ్యవస్థవారు 103 అను మోడెమును వెలువరించిరి. అందు పిలిచినవైపు మోడెము 'ఒకటి' అనుటకు 1270 హెర్ట్జుల స్వరమును, 'సున్న' అనుటకు 1070 హెర్ట్జుల స్వరమును పంపును. పిలుపునకు బదులు పలికినవైపు మోడెము అదే పనికి 2225, 2025 హెర్ట్జుల స్వరములను వాడును. రెండు జతలును వేరువేరు కావున ఇరువైపులవారును ఏకకాలమున పంపుకొనవచ్చును. వేగము సెకనుకు 300 బిట్లు. ఒక అక్షరమునకు 8 బిట్లు, దాని మొదలును తుదిని తెలుపుటకు 2 బిట్లు, వెరసి 10 బిట్లు పట్టును. అనగా సెకనుకు 30 అక్షరములు పోవును. ఈ 30 అను సంఖ్యను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

చిన్న సంస్థల పుట్టుక

అమెరికాలో చాలకాలము టెలిఫోను తీగకు టెలిఫోను కంపెనీవారి పరికరములను తప్ప పరుల పరికరములను తగిలింపనిచ్చెడివారు కారు. అందుచే బయటివారు చేసిన మోడెములు తీగను తాకకుండ పనిచేయవలసి వచ్చెను. టెలిఫోను చేతిగొట్టమును రెండు రబ్బరు గిన్నెలలో బోర్లించిన యెడల, గిన్నెలోని చిన్న స్పీకరు గొట్టముతో పలుకును. రెండవ గిన్నెలోని మైక్రోఫోను వినును. గదిలో ఎవరైన గట్టిగా తుమ్మినచో అక్షరములు చెడిపోవును. నంబరును మాత్రము మనుష్యుడే తన వ్రేలితో త్రిప్పవలెను.

1968లో ఆ దేశపు సమాచార కమిషను కార్టర్‌ఫోన్ అను పరికరపు తగవులో, హాని చేయని పరుల పరికరములను తీగకు కలుపుకొనవచ్చునని తీర్పు చెప్పెను. తరువాతి పదియేండ్లలో అందుకు కావలసిన నియమములు ఏర్పడినవి. బయటి తయారీదారులకు తలుపు తెరచుకొన్నది. అదే కాలమున ఇండ్లలోనికి చిన్న కంప్యూటర్లు వచ్చినవి. ఈ రెండు మార్పులును కలిసినచోట డెన్నిస్ హేస్, డేల్ హెథరింగ్టన్ అను ఇరువురు 1977లో అట్లాంటాలో హేస్ ఇంటియందే మోడెములు చేయ మొదలుపెట్టిరి.

వారి తొలి మోడెములు కంప్యూటరు పెట్టెలోపల దూర్చు పలకలు. ఒకటి ఎస్-100 అను వర్గపు కంప్యూటర్లకు, మరియొకటి యాపిల్-2 కంప్యూటరుకు చేయబడినవి. పలక కంప్యూటరు లోపలనే ఉండుటచే ప్రోగ్రాము దానిని నేరుగా ముట్టి, నంబరు త్రిప్పుమనియు, తీగ వదలుమనియు చెప్పగలదు. పంపవలసిన అక్షరములు ఒక దారిని, ఆజ్ఞలు మరియొక దారిని పోవును. ఇచ్చట తరగతిలోని చిక్కు లేదు. కాని వేరొక చిక్కు కలదు. ఏ కంప్యూటరు లోపలి అమరిక దానిదే. ఒక కంపెనీ యంత్రమునకు చేసిన పలక మరియొక కంపెనీ యంత్రమునకు పనికిరాదు. పదిరకముల కంప్యూటర్లు వచ్చినచో పదిరకముల పలకలు చేయవలెను. చిన్న సంస్థకు అది మోయలేని బరువు.

ఒకే దారి, రెండు పనులు

దాదాపు అన్ని కంప్యూటర్లకును ఉన్న ఒక సామాన్య ద్వారము సీరియల్ పోర్టు. అక్షరములు దానిగుండ ఒకదాని వెనుక ఒకటిగా బయటకు పోవును, లోనికి వచ్చును. మోడెమును బయట పెట్టెగా చేసి ఈ ద్వారమునకు తగిలించినచో ఒకే మోడెము అందరికిని సరిపోవును. అయితే నంబరు త్రిప్పు పని ఎట్లు? పెద్ద సంస్థల కార్యాలయములలో దానికి బెల్‌వారి 801 అను వేరొక పెట్టె ఉండెడిది. దానికి వేరొక ద్వారము, వేరొక తీగల కట్ట కావలెను. ఇంటి కంప్యూటరు కొన్నవానికి ఇది అందని ఖర్చు.

స్మార్ట్‌మోడెము ఈ రెండవ పెట్టెను తీసివేసెను. మోడెములో ఒక చిన్న మైక్రోప్రాసెసరును పెట్టి, అక్షరములు పోవు దారినే ఆజ్ఞలును పంపుడని కంప్యూటరుతో చెప్పెను. దీని పేరులోని 'స్మార్ట్' అను మాటకు అర్థము ఇదియే. మోడెము రెండు స్థితులలో ఉండును. ఆజ్ఞాస్థితిలో ఉన్నపుడు తనకు వచ్చిన అక్షరములను తనకే చెప్పిన మాటలుగా గ్రహించును. ప్రసారస్థితిలో ఉన్నపుడు వచ్చిన అక్షరములను ముట్టక ఆవలి కొసకు పంపివేయును.

ప్రతి ఆజ్ఞయు 'ఎ', 'టి' అను రెండు ఆంగ్లాక్షరములతో మొదలగును. కవాతులో వినవచ్చు 'అటెన్షన్' అను మాటకు ఇది క్లుప్తరూపము. తరువాత 'డి' వచ్చినచో నంబరు త్రిప్పవలెను. 'హెచ్' వచ్చినచో తీగ వదలవలెను. 'ఎ' వచ్చినచో పిలుపునకు బదులు పలుకవలెను. ఈ రెండక్షరముల ఎంపికలో మరియొక తెలివి కలదు. 'ఎ' అను అక్షరపు సంకేతము 1000001. సంకేతములు కుడికొస బిట్టుతో మొదలై పోవును. ప్రతి అక్షరమునకు ముందు మొదలు తెలుపు సున్న ఒకటి ఉండును. దాని వెంటనే 'ఎ' యొక్క ఒకటి వచ్చును. కావున ఆ మొదటి సున్న ఎంత కాలము నిలిచెనో కొలిచినచో, కంప్యూటరు ఏ వేగమున మాటలాడుచున్నదో మోడెమునకు తెలియును. 'ఎ'లో రెండు ఒకట్లు, 'టి' సంకేతమైన 1010100లో మూడు ఒకట్లు ఉన్నవి. ఒకటి సరిసంఖ్య, రెండవది బేసిసంఖ్య. అందుచే తప్పులు పట్టుటకు కంప్యూటరు అదనపు బిట్టును ఏ పద్ధతిలో కలుపుచున్నదో కూడ ఈ రెండక్షరములవలననే తెలిసికొనవచ్చును. పిలుపుమాటయే కొలబద్దగా కూడ పనిచేసినది. పొదుపైన నిర్మాణమునకు ఇది మంచి ఉదాహరణము.

నిశ్శబ్దముయొక్క పని

ఆజ్ఞాస్థితినుండి ప్రసారస్థితికి పోవుట సులభము. నంబరు కలిసినంతనే మోడెము తానే మారును. మరల వెనుకకు వచ్చుట ఎట్లు? అప్పుడు మోడెము వచ్చిన ప్రతి అక్షరమును ఆవలికి పంపుచుండును. "తీగ వదలుము" అనినచో ఆ మాటయే ఆవలికి పోవును. అతడు వెనుక వరుసలోని పిల్లవాడు.

ఏదో ఒక గుర్తును ఏర్పరచుకొనవచ్చును. వరుసగా మూడు కూడిక గుర్తులు, అనగా +++ వచ్చినచో, "ఇకపై వచ్చునది ఆజ్ఞ" అని నియమము పెట్టవచ్చును. కాని పంపుచున్న ఫైలులోనే మూడు కూడిక గుర్తులున్నచో? లెక్క చూడుడు. ఒక బైట్‌లో 256 విధములున్నవి. ఏ క్రమమును లేని బైట్ల వరుసలో ఒకానొక చోట మూడు కూడిక గుర్తులు పడు అవకాశము 256ను మూడుమార్లు హెచ్చించిన 1,67,77,216లో ఒకటి. 10,48,576 బైట్లు గల ఫైలులో అన్ని చోట్లను లెక్కించినచో ఇట్టి ఫైళ్లు సుమారు పదునారింటిలో ఒకదానియందు ఈ గుర్తు పడును. ఇది విస్మరింపదగిన అపాయము కాదు. ఎంత పొడవైన గుర్తును పెట్టినను అపాయము తగ్గునే గాని పోదు. ఏలయన గుర్తు అక్షరములతో చేయబడినది, ఫైలును అక్షరములతోనే చేయబడినది.

హెథరింగ్టన్ చేసిన పని అక్షరములకు వెలుపలనున్న వస్తువును గుర్తులో చేర్చుట. ముందు ఒక సెకను నిశ్శబ్దము, తరువాత మూడు కూడిక గుర్తులు, మరల ఒక సెకను నిశ్శబ్దము. ఈ మూడును వరుసగా జరిగిననే మోడెము ఆజ్ఞాస్థితికి వచ్చును. నిశ్శబ్దమును ఫైలులో వ్రాయుట సాధ్యము కాదు. అది అక్షరము కాదు. అక్షరములు లేని కాలము. ఫైలును పంపు కంప్యూటరు సెకనుకు 30 అక్షరములను ఎడతెగక పంపుచుండును. ఒక సెకను ఆగుట అనగా 30 అక్షరముల చోటును ఖాళీగా వదలుట. సరిగా మూడు కూడిక గుర్తులకు ముందు ఒకమారు, వెనుక ఒకమారు ఇట్లు ఆగుట యాదృచ్ఛికముగా జరుగునది కాదు.

నిశ్శబ్దము మాత్రమే చాలదా అని విద్యార్థులు అడుగవచ్చును. చాలదు. కీలపలక ముందు కూర్చున్న మనుష్యుడు ఆలోచించుకొనునపుడెల్ల నిశ్శబ్దమే. గుర్తు మాత్రమే చాలదు, ఫైలులో గుర్తులుండవచ్చును. మనుష్యుడు వ్రాయునపుడు నిశ్శబ్దములు మెండు, వరుసగా మూడు కూడిక గుర్తులు అరుదు. యంత్రము పంపునపుడు గుర్తులు పడవచ్చును, నిశ్శబ్దములు అరుదు. ఒకదాని లోపమును రెండవది కప్పును. పైగా ఈ గుర్తు అందినంతమాత్రమున మోడెము తీగను వదలదు, ఆజ్ఞకొరకు చెవియొగ్గును. పొరపాటు జరిగినను 'ఓ' అను ఆజ్ఞతో మరల ప్రసారమునకు పోవచ్చును. మొదటి అపాయమును తప్పించి, తప్పనిదానికి మరమ్మతు చూపిన నిర్మాణమిది. దీనికి హేస్ సంస్థకు 1985 అక్టోబరులో అమెరికా పేటెంటు లభించెను.

నిర్మాణములోని దోషములు

గుణమును చెప్పినవారు దోషమును దాచరాదు. ఈ పద్ధతి కాలముపై ఆధారపడినది. కంప్యూటరు ఒక్క పనినే చేయుచున్న రోజులలో సెకను అనగా సెకనే. అనేక ప్రోగ్రాములు వంతులవారీగా నడచు యంత్రములు వచ్చినపుడు, ప్రోగ్రాము కోరిన విరామము తీగపై అంతే నిలుచునని చెప్పుటకు వీలులేకపోయెను. నడుమ మరియొక సమాచారజాలము ఉండి అక్షరములను మూటలుగా కట్టి పంపినచో విరామములు కుంచించుకొనును లేదా సాగును. కాలముతో కట్టిన సరిహద్దు కాలము చెదరినచోట చెదరును.

రెండవ దోషము మరింత విచిత్రమైనది. తుది నిశ్శబ్దము పూర్తియగువరకు ఆ మూడు గుర్తులు ఆజ్ఞకు సంబంధించినవియో కావో మోడెమునకు తెలియదు. కావున అది వానిని ఆవలికి పంపివేయును. ఆవలి కంప్యూటరు, తనకు అందిన అక్షరములను పంపినవాని తెరపై చూపుటకై తిరిగి పంపు అలవాటు కలదైనచో, ఆ మూడు గుర్తులు నిశ్శబ్దముల నడుమనే దాని మోడెములోనికి పోవును. అప్పుడు ఆవలి మోడెమును తనకే ఆజ్ఞ వచ్చినదని తలచి ఆగిపోవును. ఒకడు తన గుమాస్తాను పిలిచినచో పొరుగింటి గుమాస్తాయు పని మానినట్లు. హేస్‌వారు దీనికి ఒక మందు ఉంచిరి. గుర్తుగా వాడు అక్షరపు సంఖ్యను 127కు పైబడిన విలువకు మార్చినచో ఆ మోడెములో ఈ పద్ధతియే పనిచేయదు. పిలుపులను అందుకొను కంప్యూటర్ల నిర్వాహకులు అట్లు చేసికొనవచ్చును. కాని అందరును ఆ పుస్తకమును చదివిరని చెప్పజాలము.

ఈ రెండును ఇంజనీరింగు దోషములు, మందు ఉన్నవి. మూడవది అట్టిది కాదు. అది స్వామ్యమునకు సంబంధించినది.

అనుకరణము, వ్యాజ్యము

స్మార్ట్‌మోడెము విజయము పొందినంతనే ప్రోగ్రాములు వ్రాయువారు దాని ఆజ్ఞలనే వాడ మొదలిడిరి. అప్పటినుండి మోడెము అమ్మదలచిన ప్రతి సంస్థయు ఆ ఆజ్ఞలనే నేర్వవలసి వచ్చెను. "హేస్‌కు అనుగుణము" అను మాట పెట్టెలపైకి ఎక్కెను. ఆజ్ఞల భాషను అందరును స్వేచ్ఛగా అనుకరించిరి. కాని ఆ భాషలోనికి తిరిగివచ్చు తలుపు, అనగా నిశ్శబ్దపు పద్ధతి, పేటెంటు క్రింద ఉన్నది. ఆ తలుపును వాడువారు హేస్‌కు రుసుము చెల్లించి లైసెన్సు పొందవలెను. కొందరు పొందిరి. కొందరు నిరాకరించిరి.

నిరాకరించినవారి వాదములో పస లేకపోలేదు. పాత ప్రోగ్రాములన్నియు నిశ్శబ్దము, మూడు గుర్తులు, నిశ్శబ్దము అను వరుసనే పంపును. దానిని గ్రహింపని మోడెము అంగడిలో అమ్ముడుపోదు. మంచి ఉపాయము అగుటచేత గాక, అందరును అలవాటు పడిన ఉపాయము అగుటచేత దానిని వాడక తప్పదు. ఊరందరు నడచిన బాటపై తరువాత సుంకపు గేటు పెట్టినట్లు వారికి తోచెను. హేస్ వాదము వేరు. మోడెము ఎట్లు చేయవలెనో ప్రత్యర్థులకు తెలియనిది కాదు. ఈ సరిహద్దు సమస్యకు సరియైన సమాధానము మాత్రము తామే కనుగొంటిమి, కనుగొన్నవానికి ప్రతిఫలము న్యాయమని వారనిరి.

ఎవరెక్స్, వెన్‌టెల్, ఆమ్నిటెల్ మొదలగు సంస్థలతో నడచిన వ్యాజ్యములో 1991లో జ్యూరీ హేస్ పక్షమున తీర్పు చెప్పెను. 1992లో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. న్యాయస్థానమున ప్రశ్న తీరెను. అంగడిలో తీరలేదు.

ప్రత్యర్థుల పరిష్కారము

1991లోనే కొందరు తయారీదారులు కలిసి నిశ్శబ్దముతో పనిలేని పద్ధతిని ఏర్పరచిరి. దానికి కాలముతో నిమిత్తము లేని పద్ధతి అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. మూడు కూడిక గుర్తుల వెంటనే 'ఎ', 'టి' అను అక్షరములు, ఒక సరియైన ఆజ్ఞ, చివర పంక్తి ముగింపు గుర్తు వచ్చినచో అది ఆజ్ఞ. లేనిచో మామూలు అక్షరములు. పాత ప్రోగ్రాములు నిశ్శబ్దములతో పంపినను ఈ మోడెములు పనిచేయును. రుసుము చెల్లింపనక్కరలేదు.

లెక్కకు ఇది చెడ్డది కాదు. క్రమములేని బైట్లలో ఈ అయిదు అక్షరములు వరుసగా పడు అవకాశము లక్ష కోట్లకు పైబడిన సంఖ్యలో ఒకటి; దానికి తోడు ఆజ్ఞయు, ముగింపు గుర్తును కుదరవలెను. కాని ఇచ్చటనే తర్కము జారిపోయినది. మనుష్యులు పంపు ఫైళ్లు క్రమములేని బైట్లు కావు. మోడెమును వాడు విధమును వివరించు పుస్తకములో ఈ వరుస ఉండి తీరును. అట్టి పుస్తకమును అట్టి మోడెముగుండ పంపినచో ఆ పంక్తి వచ్చినంతనే తీగ తెగును. "తలుపు వేయుము" అను వాక్యమున్న కథను చదువుచుండగా ప్రతిమారు ఒక పిల్లవాడు లేచి తలుపు వేసినట్లు.

ఇంతకంటె పెద్ద కీడు కొన్నేండ్లకు బయటపడెను. 1990లలో ఇండ్లనుండి ఇంటర్నెట్టును చేరుటకు మోడెమే దారి అయ్యెను. భారతదేశమునను విదేశ్ సంచార్ నిగమ్‌వారు 1995 ఆగస్టు 15న ప్రజలకు ఈ సేవను ప్రారంభించినపుడు మోడెము ఈల వినియే లోనికి పోవలసియుండెను. ఇంటర్నెట్టునందు "నీవు ఉన్నావా" అని ఒక కంప్యూటరును పలుకరించు పద్ధతి కలదు. పలుకరింపుతో కొన్ని అక్షరములను పంపినచో, ఆ కంప్యూటరు వానినే బదులుగా తిరిగి పంపును. దుర్బుద్ధి గలవాడు ఆ అక్షరములలో మూడు కూడిక గుర్తులను, తీగ వదలుమను ఆజ్ఞను పెట్టును. బదులు పలుకు కంప్యూటరు వానిని తన మోడెముగుండ పంపబోవును. నిశ్శబ్దమును చూడని మోడెము దానిని తన యజమాని ఆజ్ఞగా తలచి తీగను వదలివేయును. ఎక్కడో ఉన్న అపరిచితుడు ఒక్క పలుకరింపుతో ఇంకొకరి సంబంధమును త్రెంపగలుగుట 1990ల చివర నిజముగా జరిగినది. నిశ్శబ్దమును పాటించు మోడెములకు ఈ బాధ లేదు. అపరిచితుడు అక్షరములను పంపగలడు గాని, బాధితుని మోడెము ముందు నిశ్శబ్దమును పంపజాలడు.

వేగపు పందెము నేర్పు పాఠము

ఇదే కాలమున వేగమును గురించిన పోటీ వేరొక విధముగా నడచెను. సెకనుకు 300 బిట్లనుండి 1200, 2400 బిట్ల వరకు అందరును ఒకే పద్ధతులను అనుసరించిరి. తరువాత దారులు చీలినవి. టెలెబిట్‌వారు 1985లో వందలకొలది సన్నని స్వరములను ఒకేమారు పంపు ట్రెయిల్‌బ్లేజర్‌ను చేసిరి. యు. ఎస్. రోబోటిక్స్‌వారు ఒకవైపు వేగము, రెండవవైపు మందగతి గల హెచ్.ఎస్.టి. అను మోడెమును చేసి, అందరును వార్తలు వ్రాసికొను కంప్యూటరు ప్రకటన పలకల నిర్వాహకులకు తగ్గింపు ధరకు ఇచ్చిరి. హేస్‌వారును తమ సొంత పద్ధతి నొకదానిని తెచ్చిరి. ఒక కంపెనీ మోడెము మరియొక కంపెనీ మోడెముతో తన పూర్తి వేగమున మాటలాడలేకపోయెను.

ఈ చీలిక నిలువలేదు. 1994లో 28,800 బిట్ల వేగమునకు వి.34 అను అంతర్జాతీయ ప్రమాణము వచ్చెను. 1997లో 56,000 బిట్లకు రెండు పక్షములు రెండు పద్ధతులతో కలహించినను, 1998లో వి.90 అను ప్రమాణము ఆ కలహమును తీర్చెను. కారణము స్పష్టము. వేగపు పద్ధతి రెండు ఊళ్లలోని ఇద్దరి మోడెములకు సంబంధించినది. ఇద్దరికి ఒకే భాష రానిచో మాటయే లేదు. అందుచే ఒప్పందము తప్పలేదు. సరిహద్దు గుర్తు అట్లు కాదు. అది ఒకని కంప్యూటరునకును అతని మోడెమునకును నడుమ ఉన్న ఇంటి విషయము. అది చెడినను మొదట తెలియదు. తెలియువేళకు తప్పు ఎవరిదో తేలదు. తీగ తెగినచో అందరును టెలిఫోను శాఖనే నిందింతురు.

హేస్ సంస్థ 1994లో దివాలా రక్షణ కోరెను. 1996లో దానినుండి బయటపడెను. 1998లో మరల దివాలా తీసి, 1999లో దాని ఆస్తులు అమ్మివేయబడినవి. దాని ఆజ్ఞల భాష మాత్రము చావలేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము దానిని 1990లలో ప్రమాణముగా గ్రహించెను. సెల్‌ఫోనులలోని మోడెములు దానినే నేర్చినవి. తెలుగు జిల్లాలలో పొలమునకు పోకుండ సెల్‌ఫోనుతో బోరుమోటారును నడుపు పెట్టెలు వచ్చినవి. అట్టి పెట్టెలోని చిన్న సెల్‌ఫోను మోడెమునకు ఆజ్ఞలనిచ్చు భాష ఇదియే. ఆజ్ఞ 'ఎ', 'టి' అను అక్షరములతోనే మొదలగును.

తీర్పు

రెండు పక్షములను తూచినచో ఫలితము ఇట్లు తేలును. ఇంజనీరింగు దృష్టితో హేస్ పక్షము సరియైనది. ఆజ్ఞకును వార్తకును నడుమ సరిహద్దును వార్తలో ఉండజాలని వస్తువుతోనే కట్టవలెనని వారు గ్రహించిరి. ప్రత్యర్థుల పద్ధతి సరిహద్దును మరల అక్షరములతోనే కట్టినది. అందుచే అది యాదృచ్ఛికమును ఓడించినది గాని, ఉద్దేశపూర్వకమును ఓడింపలేదు. అవకాశము ఎంత తక్కువయో లెక్కించుట వేరు, అవకాశమే లేకుండ చేయుట వేరు.

వ్యవహార దృష్టితో ప్రత్యర్థుల ఫిర్యాదును సత్యమే. అందరును మాటలాడు భాషకు ఒక సంస్థ మాత్రమే తలుపు కాచినచో, రుసుము ఇవ్వనొల్లనివారు గోడలో కన్నము చేయుదురు. ఆ కన్నమునుండి నష్టపోయినవాడు హేస్ కాదు, ప్రత్యర్థియు కాదు. పెట్టెపై ఉన్న "అనుగుణము" అను మాటను నమ్మి కొనిన గృహస్థుడు. ఆ మాట రుసుమును గురించియు చెప్పలేదు, నిశ్శబ్దమును గురించియు చెప్పలేదు. భాషను అందరికి విడిచిన హేస్, ఆ భాషకు ప్రాణమైన విరామమును కూడ విడిచియుండినచో లేదా మొదటనే ప్రమాణసంఘము ముందు పెట్టియుండినచో ఈ కీడు పుట్టియుండెడిది కాదు. రుసుము కొంత పోయెడిది. సంస్థ పోవుటకు అది కారణమై ఉండెడిది కాదు. సంస్థ ఎట్లును నిలువలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును కంప్యూటరు లేకుండనే తరగతిలో చూపవచ్చును. ఒక పేరాను చెప్పి వ్రాయించుచు, నడుమ "పుస్తకము మూయుము" అను మాటను ఒకమారు ఆగకుండ, ఒకమారు ముందు వెనుకల ఐదేసి అంకెలు మనసులో లెక్కించి చెప్పవలెను. ఎందరు వ్రాసిరో, ఎందరు మూసిరో లెక్కించి బల్లపై వ్రాయవలెను. తరువాత ఆ మాటయే ఉన్న ఒక కథను ఎడతెగక చదివి వ్రాయించవలెను. విరామము చేయు పని ఏదియో పిల్లలు ఆ లెక్కనుండి తామే చెప్పుదురు.